పాత నేషనల్ గిటార్: దేన్ని మార్చాలి, దేన్ని ముట్టకూడదు?

తీగ వాద్యాలు – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మైకులు, ఆంప్లిఫయర్లు వాడుకలోకి రాకముందు బృందంలో గిటార్ శబ్దం మిగతా వాద్యాల కింద అణగిపోయేది. ఆ లోటు తీర్చమని హవాయి బాణీలో, అంటే గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని తీగల మీద ఉక్కు కడ్డీ జార్చుతూ వాయించే జార్జ్ బీచమ్ లాస్ ఏంజెలెస్‌లో వాద్యాలు చేసే జాన్ డోపియెరాను అడిగాడు. స్లొవేకియా నుంచి వలస వచ్చిన డోపియెరా పలచటి అల్యూమినియం రేకును లేతు మీద తిప్పి గరాటు ఆకారం తెచ్చి, తీగల బరువంతా దాని మీద మోపాడు. అదే కోన్. 1927 నుంచి ఆ గిటార్లు నేషనల్ పేరుతో వచ్చాయి. మొదట 6 అంగుళాల కోన్లు మూడు ఉండే ట్రైకోన్, ఆ తర్వాత 9.5 అంగుళాల కోన్ ఒక్కటే ఉండే రకం. ఈ రెండో రకంలో కోన్ శిఖరం తీగల వైపు ఉంటుంది. దాని మీద బిస్కట్ అనే గుండ్రటి చెక్కబిళ్ల, దాని మీద తీగలు ఆనే పట్టీ, అంటే శాడిల్. డోపియెరా సోదరులు నేషనల్ నుంచి విడిపోయి పెట్టిన డోబ్రో గిటార్లలో మాత్రం కోన్ గిన్నెలా పైకి తెరుచుకుని, సాలీడు కాళ్ల లాంటి బ్రిడ్జ్‌ను మోస్తుంది. ఈసారి ప్రశ్నలన్నీ నేషనల్ లోహపు గిటార్ల మీదే వచ్చాయి.

ప్రశ్న: ఒక పాత ఇంటి సామాన్ల అమ్మకంలో నేషనల్ డ్యుయోలియన్ దొరికింది. తల మీద C అక్షరంతో మొదలయ్యే అంకె ఉంది. మెడ 12వ మెట్టు దగ్గర ఒంటితో కలుస్తోంది. చెయ్యి ఆనే చోట రంగు పోయి ఇనుము కనిపిస్తోంది, అక్కడక్కడా తుప్పు. తీగలు మెట్లకు చాలా ఎత్తులో ఉన్నాయి, మీటితే గరగరమంటోంది. ఒక దుకాణంవారు రంగంతా గీకి కొత్తగా వేస్తామన్నారు. ఇంకొకరు తీగలు కూడా మార్చొద్దన్నారు. ఎవరి మాట వినాలి? – ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: ఇద్దరి మాటా వద్దండి. గిటార్ మొత్తానికి కలిపి ఒకే నిర్ణయం తీసుకోవాలనుకోవడమే ఇక్కడ పొరపాటు. ఒక్కో భాగాన్నీ విడిగా చూడండి. వాయించడం వల్ల అరిగేదా, తయారైన నాడు పడిన చేతిపనా? తీగలు, శాడిల్, మెట్లు, అవసరమైతే కోన్ మొదటి జాతి. వాటిని మార్చవచ్చు, తీసినవి దాచవచ్చు. రంగు, పూత, చెక్కడం, మెడ ఆకారం రెండో జాతి. పోతే మళ్లీ రావు.

మీరు చెప్పిన అంకె, 12 మెట్ల మెడ చూస్తే ఇది 1930ల తొలి సగం నాటిది. తర్వాత మెడ కలిసే చోటును 14వ మెట్టుకు మార్చారు. డ్యుయోలియన్ అప్పట్లో నేషనల్ లోహపు గిటార్లలో చవకైనది. ఉక్కు రేకు ఒళ్లు, దాని మీద మంచు పేరినట్టు కనిపించే డ్యూకో రంగు. డ్యూకో అంటే 1920ల్లో కార్లకు వేసిన నైట్రోసెల్యులోజ్ లాకరే. ఆరేటప్పుడు స్ఫటికాల్లా విచ్చుకునే ఆ మెరుపు ఏ రెండు గిటార్ల మీదా ఒకేలా ఉండదు. కొత్త రంగు వేసేవారు ముందు ఉక్కును సాండ్‌పేపర్‌తో రుద్దుతారు. దాంతో అసలు రంగు అంచులు, ఎఫ్ ఆకారపు రంధ్రాల చుట్టూ ఉన్న పనితనం, వాయించిన చేతి అరుగుదల, అన్నీ ఒక్క పూటలో పోతాయి. కొనేవారు కూడా రంగు మార్చిన పాత గిటార్‌కు సగం ధరే చెప్పడం మామూలు. అరిగిన రంగు లోపం కాదు. దాన్ని అలాగే వదిలేయండి.

తుప్పు సంగతి వేరు, అది ఆగదు. ఇనుము కనిపిస్తున్న చోట కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు మెత్తటి నూలుగుడ్డ మీద వేసి రుద్దండి. ఒక రాత్రి ఉంచి పొడిగుడ్డతో తుడవండి. నారింజ రంగు పొడి గుడ్డకు అంటడం ఆగేదాకా రెండు మూడుసార్లు చేయండి. నూనె ఆనవాలు పూర్తిగా పోయాక మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా పట్టించండి. మెడ ఒంటితో కలిసే చోట, మెట్ల చెక్క దగ్గర నూనె పడనీయకండి. స్టీల్ ఉన్ని వాడితే పక్కనున్న రంగు లేచిపోతుంది. తుప్పును నల్లగా మార్చే ఆసిడ్ ద్రావకాలు మచ్చను శాశ్వతం చేస్తాయి. థిన్నర్, గోళ్ల రంగు తీసే ద్రవం డ్యూకోను కరిగించేస్తాయి. సిలికాన్ స్ప్రే కూడా వద్దు, ఆ పొర మీద రేపు ఏ మరమ్మతూ అంటదు.

ఇక గరగర. విప్పే ముందు నాలుగు వైపుల నుంచి, తలకు ముందూ వెనకా, టెయిల్‌పీస్ (తీగల కింది చివరలు పట్టి ఉంచే లోహపు ముక్క), ప్రతి మరా కనిపించేలా ఫొటోలు తీసుకోండి. స్టార్ మరలు కనిపిస్తే అవి తర్వాత వచ్చినవే. ఆ రకం మరలు 1930ల నడిమి దాకా బజారులోనే లేవు. అసలువి గాడి ఒక్కటే ఉండే మైనస్ మరలు.

తీగలు పూర్తిగా తీయకుండానే కోన్ మీది మూత, అంటే కవర్‌ప్లేట్ తెరవవచ్చు. మొదటి మెట్టు మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు) బిగించి తీగల వరస చెదరకుండా చూసి, ఆరింటినీ కొంచెం కొంచెంగా వదులు చేయండి. ఒకటి పూర్తిగా వదిలి ఇంకొకటి బిగువుగా ఉంచితే కోన్ ఒక పక్కకు ఒరుగుతుంది. టెయిల్‌పీస్‌ను తీగలతో సహా పక్కకు తప్పించండి. కవర్‌ప్లేట్ అంచూ ఒళ్లూ కలిసే చోట చిన్న కాగితపు టేపు ముక్కతో గుర్తు పెట్టండి, మరల రంధ్రాలు మళ్లీ అదే దిశలో సరిపోవాలి. టేపును రంగు మీద రాత్రంతా ఉంచకండి. ఒక అట్టముక్క మీద కవర్‌ప్లేట్ బొమ్మ గీసి, తీసిన మరను తీసినట్టే ఆ స్థానంలో గుచ్చండి. గాడికి సరిగ్గా నిండే స్క్రూడ్రైవరే వాడాలి. సన్నది వాడితే జారి రంగు మీద గీత పడుతుంది.

కోన్‌ను రెండు చేతుల వేళ్లతో అంచు పట్టి నిటారుగా లేపండి. ఇరుక్కుంటే స్క్రూడ్రైవర్‌తో ఎత్తకండి. గిటార్‌ను అరచేతి మీద మెల్లగా తడితే వదులుతుంది. అది కూర్చునే గూటి అంచును లైటు పెట్టి చూడండి. ఉక్కు ఒళ్లలో ఎక్కువసార్లు కనిపించే దోషం అక్కడే ఉంటుంది. తుప్పు పెచ్చులు, దుమ్ము ఆ అంచు మీద పేరుకుంటే కోన్ చుట్టూ ఒకేలా ఆనదు, ఆనని చోటల్లా మోగుతుంది. వెదురు పుల్లతో పెచ్చులు వదిలించి, వాక్యూమ్ గొట్టానికి పలచటి గుడ్డ కట్టి పీల్చండి. తర్వాత కోన్‌ను అద్దం పలక మీద బోర్లించండి. అంచు కింద మామూలు కాగితం ఎక్కడైనా సులువుగా దూరితే అక్కడ వంపు ఉన్నట్టు. బిస్కట్ ఒక పక్కకు వాలిందా, శిఖరం దగ్గర నెర్రెలున్నాయా అన్నదీ చూడండి. బిస్కట్‌ను పట్టి ఉంచే మర కోన్ లోపలి నుంచి వస్తుంది. అది వదులైనా ఇలాగే గరగరమంటుంది.

బిగించేటప్పుడు కవర్‌ప్లేట్ మరలను వేలి బలంతో ఆగేదాకా తిప్పి, ఆ మీద పావు చుట్టు చాలు. రేకులో పట్టు పోయిన రంధ్రానికి లావు మర ఎక్కించకండి, ఒకటి రెండు పట్టకపోయినా నష్టం లేదు. టెయిల్‌పీస్ కవర్‌ప్లేట్‌కు తగిలే చోట చిన్న ఫెల్ట్ ముక్క పెట్టండి. మొదటి రోజు తీగలను ఒక స్వరం తక్కువకే బిగించి, మర్నాడు శ్రుతికి తీసుకురండి.

తీగల ఎత్తు చివరికి చెబుతున్నాం, ఎందుకంటే ఎక్కువ గిటార్లు పాడైంది ఇక్కడే. 12వ మెట్టు దగ్గర 1 మిల్లీమీటరు దించాలంటే శాడిల్ దగ్గర 2 మిల్లీమీటర్లు దించాలి. శాడిల్ అరగదీయడం సులువు కాబట్టి అందరూ అదే చేస్తారు. అప్పుడు శాడిల్ మీద తీగ విరుపు కోణం తగ్గి, కోన్ మీద ఒత్తిడి తగ్గి, శబ్దం పలచబడి, తీగ గాడిలో వణుకుతుంది. అసలు కారణం మెడలో ఉంటుంది. ఈ గిటార్లలో మెడ చెక్క ఒంటి లోపలికి ఒక కర్రలా సాగుతుంది. దాన్ని లోపల చెక్క ఆనింపులు పట్టి ఉంచుతాయి. 90 ఏళ్లలో అవి ఎండి కుంచించుకుపోతాయి, మెడ ముందుకు వాలుతుంది. ఆ కర్ర దగ్గర పలచటి చెక్క పేళ్లు పెట్టి కోణం సరిచేయించడమే సరైన పని. కోన్ గూటి నుంచే చెయ్యి పెట్టి చేయవచ్చు, రంగు ముట్టనక్కర్లేదు, పేళ్లు ఎప్పుడైనా తీసేయవచ్చు. మెట్ల చెక్క ఒంటి మీదికి వచ్చే భాగంలో చుక్కల కింద మరలు దాగి ఉంటాయని తెలిసినవారికే ఈ పని ఇవ్వండి. తెలియనివారు మెట్ల చెక్కను బలవంతంగా లేపి చీలుస్తారు. స్లైడ్‌తో, అంటే తీగల మీద గొట్టం జార్చుతూ వాయించేవారికి 12వ మెట్టు దగ్గర లావు తీగ 3 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే చాలు, అంతకన్నా దించే ప్రయత్నం వద్దు.

ప్రశ్న: 1920ల చివరి నాటి ట్రైకోన్ స్టైల్ 1 కొన్నాను. మెడ చతురస్రంగా ఉంది, ఒళ్లో పెట్టుకుని వాయించే రకం. నేను మామూలుగా పట్టుకుని వాయిస్తాను. గుండ్రటి మెడ పెట్టించుకోవచ్చని, అలా చేస్తే ధర కూడా పెరుగుతుందని అంటున్నారు. నిజమేనా? – డాలస్, టెక్సస్

జవాబు: చేయించకండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది.

మీ గిటార్‌లో మెడ వేరు, ఒళ్లు వేరు కాదు. జర్మన్ సిల్వర్ (రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం) రేకుతో చేసిన డొల్ల మెడ ఒంటితో కలిసే ఉంటుంది. గుండ్రటి చెక్క మెడ పెట్టాలంటే ఆ రేకును రంపంతో కోయాలి, కొత్త గోడ కట్టి టంకం వేయాలి, ఆ వేడికి చుట్టూ నికెల్ పూత రంగు మారుతుంది, ఆ మచ్చ కప్పడానికి మళ్లీ పూత వేయాలి. ఒక కోత నాలుగు పనులకు దారి తీస్తుంది, అందులో ఒక్కటీ వెనక్కి తిరిగేది కాదు.

ధర మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఆ రోజుల్లో హవాయి సంగీతం మోజు వల్ల చతురస్రపు మెడలే ఎక్కువ తయారయ్యాయి. గుండ్రటి మెడ ట్రైకోన్లు తక్కువ, అందుకే వాటికి ధర ఎక్కువ. ఆ ధర కోసమే కొందరు కోసి మార్చారు. కోసి మార్చినది గుండ్రటి మెడ ట్రైకోన్ కాదు. తెలిసినవారి కంటికి మెడ మొదట్లో టంకపు గీత, రెండు చోట్ల రెండు ఛాయల పూత ఇట్టే దొరికిపోతాయి. రేపు మీరు గుండ్రటి మెడది కొనబోతే కూడా ముందు చూడాల్సింది ఇదే.

వాయించడం ముఖ్యమైతే దీన్ని ఇలాగే అమ్మి, గుండ్రటి మెడది కొత్తది కొనుక్కోండి. కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పోలో 1980ల చివర మొదలైన నేషనల్ రెసో-ఫోనిక్ అనే సంస్థ అదే పద్ధతిలో ట్రైకోన్లు చేస్తోంది. లేదంటే ఒళ్లో పెట్టుకుని వాయించడం నేర్చుకోండి. మన దేశంలో బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్ మీద రాగాలాపన చేసింది ఒళ్లో పెట్టుకునే. ఉక్కు కడ్డీతో మెట్ల మధ్య జారే స్వరం వీణ గమకం విన్న చెవికి కొత్తగా అనిపించదు. ఆ చతురస్రపు మెడ ఈ పనికోసమే పుట్టింది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అన్నయ్య నేషనల్ స్టైల్ ఓ గిటార్ తెచ్చి ఇంట్లో ఉంచాడు. ఒంటి మీద కొబ్బరిచెట్ల బొమ్మలున్నాయి, కానీ అంతా మసకబారింది. అమ్మ చింతపండుతో తోమితే తళతళలాడుతుందంటోంది. లేదంటే కొత్తగా నికెల్ వేయించమంటారా? – హైదరాబాద్

జవాబు: అమ్మగారు చెప్పింది ఇత్తడి బిందెకు నూరుపాళ్లూ సరైనదే. చింతపండు పులుపు ఇత్తడి మీది చిలుమును కరిగిస్తుంది. కానీ మీ గిటార్‌కు పైన నికెల్ ఉంది, ఇత్తడి దాని కింద ఉంది. నికెల్ అరిగిన అంచుల దగ్గర పులుపు కిందికి పాకి ఇత్తడిని తింటుంది, పక్కనున్న నికెల్ పొరలుగా లేస్తుంది. ఇత్తడి సామాన్లు తోమే పొడులలో సన్నటి గరుకు ఉంటుంది. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆ కొబ్బరిచెట్లు చెక్కినవి కావు. ఇసుకను వేగంగా చిమ్మి మసకగా చేసిన బొమ్మలు. మెరిసే నేలకూ మసక బొమ్మకూ ఉన్న తేడానే ఆ చిత్రం. తోమితే మసక కూడా మెరుస్తుంది, చిత్రం మాయమవుతుంది.

తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో చెమట మరకలు తుడిచి, వెంటనే ఆరబెట్టండి. జిడ్డు వదలకపోతే సిగరెట్ లైటర్‌లో పోసే నాఫ్తా గుడ్డ మీద కొద్దిగా వేసి తుడవండి. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా. తర్వాత మిగిలే మసక పాత నికెల్ సహజ రంగు. క్రోమ్‌లా నీలిగా కాకుండా కాస్త పసుపు ఛాయలో ఉంటుంది. అది తీయాల్సిన మురికి కాదు.

కొత్త పూత అసలే వద్దు. పూత వేసేవారు ముందు పాతది తీస్తారు, తర్వాత చక్రం మీద బఫింగ్ చేస్తారు. ఆ బఫింగ్‌లో బొమ్మల అంచులన్నీ సబ్బుబిళ్లలా నున్నబడతాయి. సొట్టలు కూడా కోన్ గూటిని వంచనంత వరకు వదిలేయండి.

ప్రశ్న: మా గుండ్రటి మెడ నేషనల్‌కు లావు తీగలు వేసి G B D G B D శ్రుతి చేశాక కోన్ మధ్యలో కుంగింది. కొత్త కోన్ వేస్తే గిటార్ అసలుతనం పోతుందా? – ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ముందు కుంగడానికి కారణం. ఆ శ్రుతిలో ఆరో తీగ E నుంచి G దాకా మూడు అర్ధస్వరాలు, ఐదోది A నుంచి B దాకా రెండు అర్ధస్వరాలు పైకి వెళ్తాయి. దానికి తోడు లావు తీగలు. ఒళ్లో వాయించే చతురస్రపు మెడ ఆ లాగుడు ఓర్చుకుంటుంది. ఆ కాలపు నేషనల్ గిటార్ల గుండ్రటి చెక్క మెడలో, వంపును సరిచేయడానికి బిగించే ట్రస్ రాడ్ అనే లోపలి కడ్డీ కూడా లేదు, కాబట్టి కోన్‌తో పాటు మెడ కూడా వంగిందేమో పొడవాటి స్కేలు పెట్టి చూడండి. ఇకపై D G D G B D గానీ D A D F# A D గానీ వాడండి. ఇవి రెండూ తీగలను ఎక్కువగా కిందికే దించుతాయి. అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన సన్నటి తీగ 13, లావు తీగ 56 ఉన్న సెట్టు ఈ శ్రుతులకు సరిపోతుంది.

కొత్త కోన్ వేయించండి, నిశ్చింతగా. వీణకు మేళం కట్టించడం, అంటే మైనంలో మెట్లను మళ్లీ కూర్చడం చూసే ఉంటారు. మైనం మారిందని వీణ మారిపోయిందని ఎవరూ అనరు. యాళి తల కొత్తది చెక్కించి అతికిస్తే మాత్రం అంటారు. కోన్ మైనం లాంటిది. సాగిన అల్యూమినియాన్ని వేళ్లతో వెనక్కి నొక్కితే పైకి సరైనట్టు కనిపిస్తుంది, కానీ రేకు పలచబడిన చోట మళ్లీ కుంగుతుంది. పాత కోన్, బిస్కట్, శాడిల్ విడదీయకుండా ఆసిడ్ లేని కాగితంలో చుట్టి గట్టి అట్టపెట్టెలో పెట్టండి. తీసిన తేదీ, గిటార్ అంకె పెట్టె మీద రాయండి. అమ్మేటప్పుడు ఆ పెట్టె కూడా గిటార్‌తో పాటే వెళ్లాలి. కొత్త శాడిల్‌లో గాడి తీగ మందంలో సగానికి మించి లోతు ఉండకూడదు. లోతైతే తీగ అందులో ఇరుక్కుని మూగబోతుంది.

ప్రశ్న: అమెరికా నుంచి విశాఖకు తిరిగి వచ్చేస్తున్నాం. ఉక్కు ఒంటి డ్యుయోలియన్‌ను తీసుకురావచ్చా? సముద్రపు గాలికి ఏమవుతుంది? – పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: తీసుకురండి, కానీ గోడకు తగిలించకండి. ఉప్పుగాలిలో ఉక్కు వారాల్లో ఎర్రబడుతుంది. మైనం పట్టించి పెట్టెలోనే ఉంచండి, లోపల తేమ కొలిచే చిన్న మీటరు, సిలికా జెల్ సంచులు పెట్టండి. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చెక్క మెడకూ ఉక్కుకూ రెండింటికీ మేలు. జెల్ తడిసి రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టాలి, వానాకాలంలో ఇది తరచు పని. వాయించాక చెయ్యి తగిలిన ప్రతి చోటూ తుడిచే పెట్టెలో పెట్టండి. రబ్బరు పూత ఉన్న స్టాండ్ల మీద నిలబెడితే ఆ రబ్బరు డ్యూకోను మెత్తబరిచి మచ్చ వేస్తుంది.

బయల్దేరేముందు మెట్ల చెక్క ఏమిటో తెలిసినవారికి చూపించి కాగితం తీసుకోండి. అది బ్రెజిల్ రోజ్‌వుడ్ అయితే 1992 నుంచి సైటీస్ (అంతరించిపోయే జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది, అనుమతి పత్రం లేకుండా దేశం దాటించకూడదు. విమానంలో తీగలు రెండు స్వరాలు వదులు చేయండి, పూర్తిగా తీసేయకండి. పూర్తిగా తీస్తే కోన్ గూటిలోంచి కదిలిపోతుంది.

ప్రశ్న: తీగలు శ్రుతి చేసే పాత ట్యూనర్లు బిగుసుకుపోయాయి, రెండింటి పిడులు పొడిపొడిగా రాలుతున్నాయి. కొత్త సెట్టు వేయించనా? – బెంగళూరు

జవాబు: పళ్ల చక్రం మీద సన్నటి నూనె ఒక్క చుక్క వేసి, తీగ లేకుండా అటూ ఇటూ ఇరవైసార్లు తిప్పండి. చాలావరకు అంతటితో వదులుతాయి. రాలుతున్న పిడులు సెల్యులాయిడ్‌వి. అది పాడయ్యేటప్పుడు వచ్చే ఆసిడ్ ఆవిరి పక్కనున్న లోహాన్ని కూడా తింటుంది కాబట్టి వాటిని తీసేసి పిడులు మాత్రమే మార్పించండి. చక్రం పళ్లే విరిగి ఉంటే, తల మీద ఇప్పుడున్న మర రంధ్రాలకు సరిగ్గా కూర్చునే సెట్టు దొరికేదాకా ఆగండి. కొత్త రంధ్రం ఒక్కటి కూడా వేయనివ్వకండి.